దెయ్యానికీ ఓ ఫ్లాష్‌బ్యాక్
1976లో ఆన్ రైస్ తన నవలలో రక్తపిశాచి చేతే దాని గోడు చెప్పించింది. ఆ తర్వాత ఆ జాతికి కోరల కన్నా కన్నీళ్లే ఎక్కువయ్యాయి. మనకిదేం కొత్త? బేతాళుడు విక్రమార్కుడి భుజమెక్కి కథలు చెప్పాడే గానీ మెడ కొరకలేదు. పైగా మూలకథలో తనను తెమ్మని పంపిన భిక్షువు కుట్ర బయటపెట్టి రాజు ప్రాణం కాపాడింది వాడే! మన సినిమా మాత్రం జాలి ఊరికే పంచదు, ముందు మనిషిని చంపించాలి. తమిళం నుంచి 2011లో వచ్చిన లారెన్స్ ‘కాంచన’లో, స్థలం కోసం హత్యకు గురైన ట్రాన్స్‌జెండర్ దెయ్యమై పగ తీర్చుకుంటే హాలంతా ఈలలే. అలాంటి మనిషే ప్రాణాలతో కె.కోటపాడు బస్సెక్కి పక్క సీట్లో కూర్చుంటే, ఈలలేసినవాళ్లే కిటికీ వైపు తిరుగుతారు. అయినా జాలికీ ఓ హద్దుండాలి లెండి: 2009 నాటి ‘అరుంధతి’లో విలన్ దెయ్యం పశుపతికి దర్శకుడు కోడి రామకృష్ణ చుక్క కన్నీరు కూడా కేటాయించలేదు, మంచి పని చేశారు.