తువ్వాలు మీది మరక

తువ్వాలు పచ్చబడితే మన ఇళ్ళలో నింద మొట్టమొదట ఉతికిన చేతిమీద పడుతుంది. "సరిగా జాడించలేదు" అని పనిమనిషిని గద్దించిన పాపం నేనూ మూటగట్టుకున్నాను. బోరునీళ్ళు వాడే ఇళ్ళలో దోషం తరచు చేతిది కాదు, నీటిది.

బోరునీటిలో కరిగివున్న ఇనుము తోడినప్పుడు కంటికి కనబడదు. గాలి సోకిన కొద్దీ తుప్పుగా మారి నూలుపోగులలో తిష్ఠ వేస్తుంది. లీటరుకు 0.3 మిల్లీగ్రాములు మించితే చాలు, బట్టలకు మరకలు పడతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. నీటిని ఎక్కువగా పీల్చుకొనే తువ్వాలు ఆ రంగును త్వరగా బయటపెడుతుంది.

తెల్లబరచాలని బ్లీచింగు పొడి వేయడం మనం చేసే రెండవ తప్పు. అది కరిగివున్న ఇనుమును కూడా తుప్పుగా మార్చి మరకను స్థిరపరుస్తుంది. దీనికి విరుగుడు పులుపు. మరకపై నిమ్మరసం పిండి, కొంతసేపు ఉంచి, తేట నీటిలో బాగా జాడించాలి. నిమ్మను, బ్లీచింగును మాత్రం ఎన్నడూ కలపరాదు, విషవాయువు పుడుతుంది.

నివారణ ఇంకా సులభం. రాత్రి తొట్టిలో నీళ్ళు పట్టి ఉంచి, ఉదయం అడుగు కదలకుండా పైతేటతో ఉతికితే చాలావరకు మరక తప్పుతుంది.

బడిలో పిల్లలకు "కారణం విచారించనిదే తీర్పు చెప్పరా"దని బోధించినవాణ్ణి, ఇంట్లో ఆ పాఠం మరిచాను. ఆమెను క్షమించమని అడిగాను. మీరు ఎవరినైనా గద్దించేముందు ఒక తెల్లని గిన్నెలో బోరునీళ్ళు రాత్రంతా ఉంచండి. అడుగున ఎర్రని మడ్డి పేరుకుంటే దోషి ఎవరో తెలిసిపోతుంది.