ఐర్లాండ్ వద్దన్న పన్ను
ఆపిల్‌కు ఐర్లాండ్ ఇచ్చిన పన్ను రాయితీలు అక్రమ ప్రభుత్వ సాయమని, అంటే పోటీదారులకు దక్కని మేలును ఒక్క సంస్థకే కట్టబెట్టడమని 2016లో యూరోపియన్ కమిషన్ తేల్చి, దాదాపు 1300 కోట్ల యూరోల బకాయిని వడ్డీతో రాబట్టమంటే, ఆ ప్రభుత్వం తనకు రావలసిన సొమ్మును వద్దంటూ కంపెనీ పక్షాన కోర్టుకెక్కింది. 2020లో ఐరోపా సమాఖ్య జనరల్ కోర్టు కొట్టివేసిన ఆ ఉత్తర్వును 2024 సెప్టెంబరులో ఐరోపా అత్యున్నత న్యాయస్థానం ఖాయం చేసింది. పన్ను విషయంలో ప్రభుత్వం ఒకసారి ఇచ్చిన హామీని తిరగదోడడం పెట్టుబడులకు చేటన్న వాదనలో కొంత బలం లేకపోలేదు. అయితే 2014లో ఐరోపా లాభాలపై ఆ సంస్థ అనుబంధ కంపెనీ చెల్లించిన పన్ను 0.005 శాతమేనని కమిషన్ లెక్కగట్టిన తర్వాత, అటువంటి హామీకి మన్నన కోరడం విడ్డూరమే. సొమ్మును 2018లోనే ఎస్క్రో ఖాతాలో, అంటే వివాదం తేలేదాకా ఏ పక్షమూ వాడుకోలేని నిల్వలో, ఉంచినందున వసూలుకు తిప్పలు తప్పాయి.