దయానిధి వెతికింది కోమలిని కాదు
బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ని అందని ప్రేమ కథగా చదివేవాళ్లే ఎక్కువ. ఆ చదువు సగమే అనిపిస్తుంది. కథానాయకుడు దయానిధిని ఊరూరా తరిమేది తల్లి మీద లోకం వేసిన నింద. అది వినపడని చోటు కోసమే అతని వెతుకులాటంతా, అతను ప్రేమించిన కోమలి ఆ చోటుకు అతను పెట్టుకున్న పేరు. చివర్లో కోమలి తిరిగొస్తుంది కదా, ఇంక అందనిదేముంది అనవచ్చు. మనిషి వస్తుంది, ప్రశ్న మాత్రం తీరదు. ఇలాంటి వెతుకులాటే 1925 నాటి ఫిట్జెరాల్డ్ నవల ‘ది గ్రేట్ గాట్స్‌బీ’లోనూ ఉంది. అందులో గాట్స్‌బీ ఆవలి ఒడ్డు ఆకుపచ్చ దీపంలో చూసుకున్నదీ ప్రేయసి డెయిసీని మించినదే. కాకపోతే అతనికి గడిచిన కాలం తిరిగి కావాలి, దయానిధికి దాన్నుంచి విడుదల కావాలి. సొంతూరి మాటలకు దూరంగా బెంగళూరు శివారు చందాపురలో కాపురం పెట్టిన తెలుగువాళ్లకు ఈ తేడా తొందరగా తెలియాలి. ఈసారి కోమలి కోసం కాక, ఆ తల్లి కోసం నవల చదవండి.