ఉమ్మడి సొత్తు - మన యుదాసీనత

మాతృభాషాభిమానము మనకు సభలలో మెండు, పనిలో తక్కువ. ఆగస్టు 29వ తేదిని తెలుగు భాషాదినోత్సవము జరుపని పాఠశాల మన ప్రాంతమున అరుదు. ఆనాడు పటములకు దండలు వేయుదుము, పిల్లలచేత పద్యములు చదివింతుము, తెలుగు అమృతమని పలికి ఇండ్లకు పోవుదుము. మరునాడు ఆ పిల్లలే కంప్యూటరు ముందు కూర్చుండునప్పుడు ఆ యమృతము ఒక్క చుక్కయైనను తెరమీద కానరాదు. ఆ తెరను తెలుగు చేయుటకు జీతములేక పాటుపడువారు కొందరు కలరనియు, వారికి చేయి కలుపుట చదువుకొన్న ప్రతి కుటుంబమునకు విధియనియు చెప్పుటకే మేమీ వ్యాసమును వ్రాయుచున్నాము. ఇది కొందరికి రుచింపకపోవచ్చును. ఐనను చెప్పక తప్పదు.

మొదట విషయమును తెలిసికొందము. కంప్యూటరును నడపు మూలవ్యవస్థను ఆపరేటింగ్ సిస్టమందురు. అది ఒక కంపెనీ సొత్తైనచో దానిని వాడుకొనుటయే గాని లోపల చూచుటకుగాని, మార్చుటకుగాని మనకు హక్కులేదు. ఈ పద్ధతి కూడదని 1983లో రిచర్డ్ స్టాల్మన్ 'గ్నూ' ప్రణాళికను ప్రకటించెను. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ అను విద్యార్థి 'లినక్సు'ను వెలువరించెను. ఈ రెండును కలియగా ఎవరైనను వాడుకొనుటకును, పరిశీలించుటకును, మార్చుటకును, పంచిపెట్టుటకును హక్కుగల వ్యవస్థ లోకమునకు దక్కెను. దానిని జనులకు అందించుటకై 1993 ఆగస్టులో అయన్ మర్డాక్ 'డెబియన్' అను స్వచ్ఛందసంఘమును నెలకొల్పెను. పలు దేశములకు చెందిన సుమారు వేయిమంది సభ్యులు నేడు దానిని నడపుచున్నారు.

వీరు చేయు ముఖ్యమైన పనికి ప్యాకేజింగని పేరు. వివాహమునకు సారె సర్దు ఇల్లాలికి ఈ పని సులభముగ బోధపడును. ఏ వస్తువుతో ఏది పోవలెను, ఏది లేనిచో ఏది పనికిరాదు, ఏది దారిలో చెడిపోవును అని ఆమె ముందుగనే యోచించును. ఒకడు వ్రాసిన ప్రోగ్రాము పది యితర ప్రోగ్రాములపై ఆధారపడియుండును. వానిలో నొకటి పాతబడినను కథ అడ్డము తిరుగును. కావున అన్నిటిని సరిచూచి, హక్కుల పత్రమును చదివి, ఆధారముల పట్టిక వ్రాసి, ఒక్క ఆజ్ఞతో కంప్యూటరున నిలుచునట్లు మూట కట్టవలెను. ఆ మూట మొదట అస్థిరమను శాఖలో చేరి, పిదప పరీక్షాశాఖకు వచ్చి, కడపట స్థిరశాఖను చేరును. మూటకట్టినవాడే దానికి సంరక్షకుడు. దానిలో దోషము కనబడినచో ఎవరైనను బహిరంగముగ వ్రాసి యడుగవచ్చును. ఆ ప్రశ్నయు, దాని ఉత్తరమును లోకమంతయు చదువవచ్చును.

ఇక ఆక్షేపణలు. 'ఫోనులలో తెలుగు చక్కగ కనబడుచున్నది గదా, ఈ శ్రమ యెందులకు?' అని మొదటి ఆక్షేపణ. ఆండ్రాయిడు ఫోనులలో మన గుణింతములను, ఒత్తులను కూర్చి చూపునది 'హార్ఫ్‌బజ్' అను స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే యని ఆక్షేపించువా రెరుగరు. ఉమ్మడి చెరువు నీరు త్రాగుచు చెరువెందులకని యడుగుట యిట్టిదే. వేరొక సంగతియు చెప్పెదము. 2018 ఫిబ్రవరిలో ఒక విధముగ కూర్చబడిన 'జ్ఞా' అను మన యక్షరము ఐఫోను తెరమీదికి వచ్చినంతనే దానిని చూపబోయిన ప్రోగ్రాము కూలిపోవుచుండెను. జ్ఞానమను మాటకు తొలియక్షరమే యంత్రమునకు విషమయ్యెను! కంపెనీవారు ఆ నెల 19వ తేదిన సవరణ పంపిరి. ఆలస్యము చేసిరని మేమనము. మా ప్రశ్న వేరు. అక్షరము మనది, దానిని చదువువారము మనము. దోషమెక్కడనో తెరచి చూచు హక్కు మాత్రము మనలో నొక్కరికిని లేకపోయెను. మన యక్షరమునకు జబ్బు చేసినప్పుడు వైద్యునికై పరుల వాకిట నిలుచుట అభిమానమనిపించుకొనునా?

ఇది పండితుల ముచ్చటగ తోచినచో మా తీరమువంక చూడుడు. మైపాడు, జువ్వలదిన్నెవంటి యూళ్లలో వేటకు పోవువారికై చేపలు దొరకు తావులను తెలుపు సూచనలను హైదరాబాదునందలి ఇన్‌కాయిస్ సంస్థ తెలుగులో గూడ వెలువరించుచున్నది. ఆ వాక్యము చిన్న ఫోనుమీద ఒత్తు చెదరక కనబడుట పడవవాని కూటికి సంబంధించిన విషయము. తెలుగు తెర విలాసము కాదు.

రెండవ ఆక్షేపణ: 'వీరు ఎడతెగక వాదులాడుకొందురు, పనికంటె చర్చయే ఎక్కువ.' వాదములు కలవు, నిజమే. 2022లో, కంప్యూటరు భాగములను మేలుకొలుపు పరాధీనములైన చిన్న ప్రోగ్రాములను తమ స్థాపనపళ్లెరమున చేర్చవచ్చునా కూడదా యని డెబియన్ సభ్యులు చాల కాలము వాదించి, వోట్లు వేసి, చేర్చవచ్చునని తీర్మానించిరి. నియమము చెడెనని కొందరు నొచ్చుకొనిరి. బీదవాని యంత్రము పనిచేయక పోయిన నియమ మెందులకని కొందరు సంతసించిరి. మేము రెండవ పక్షమువారము. అంతకంటె ముఖ్యమేమనగా, ఆ తగవు అందరి యెదుట జరిగెను. చర్చ చాలనప్పు డేమగునో 2006 నాటి సంగతి తెలుపును. 'ఓపెన్ ఎస్ఎస్ఎల్' అను రహస్యరక్షణ ప్రోగ్రామును మూటకట్టునప్పుడు కొన్ని పంక్తులను నిలిపివేయగా, దాని తాళపుచెవులు ఊహింపదగినంత కొద్దివై పోయెను. 2008 మే నెలలో లూసియానో బెల్లో అను సభ్యుడు కనిపెట్టువరకు ఆ దోషమట్లే యుండెను. పదిమంది నిశితముగ ప్రశ్నించియుండినచో రెండేండ్లు నిలిచియుండునా? కావున మనకు భయము వాదమువలన కాదు, వాదించువారు లేకపోవుటవలన.

మూడవది, 'ఉచితముగ చేసిన పనికి విలువలేదు' అనునది. ఈ మాట యింటి ఇల్లాలి చాకిరికి విలువ కట్టని వారి నోట వచ్చునదే. 2024 మార్చిలో 'ఎక్స్‌జెడ్' అను చిన్న పనిముట్టులో దొంగదారి యొకటి బయటపడెను. అలసిపోయిన ఒంటరి సంరక్షకునికి సాయపడు నెపమున ఒకడు రెండేండ్లకు పైగ నమ్మకము సంపాదించి ఆ దారిని చొప్పించెను. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు డెబియన్ అస్థిరశాఖలో పనిచేయుచు, ప్రవేశమునకు అరసెకను ఎక్కువ పట్టుచున్నదేమని సందేహించి వెదకి పట్టెను. లోకమునందలి యంత్రము లెన్నియో ఆ ఒంటరివాని భుజముపై నిలిచియుండగా అతనికి తోడు వచ్చినవాడు దొంగ! సజ్జనులు రాని చోటికి దుర్జనులు వత్తురు.

ఇప్పుడు మన లెక్క చూచుకొందము. డెబియన్‌లో తెలుగు ఖతులకు మూటలు కలవు. డాక్టరు తిరుమల కృష్ణ దేశికాచార్యులుగారు రూపొందించి స్వేచ్ఛగ నొసగిన పోతన, వేమన ఖతులు వానిలోనివే. హైదరాబాదున 'స్వేచ్ఛ' సంస్థవారు విద్యార్థులను కూర్చుకొని లినక్సును తెలుగులో నందించుటకు కృషిచేసిరి. వీరికి మన నమస్కారము. కాని యీ పని చేయు చేతులు వ్రేళ్లమీద లెక్కింపదగినన్నియే. గ్నోమ్ అను తెరవ్యవస్థవారు నూటికి 80 పాళ్లైనను అనువాదమైన భాషలనే మద్దతుగల భాషలుగ చాలకాలము ప్రకటించుచు వచ్చిరి. ఒకమారు అనువదించి విడిచినచో చాలదు. కొత్తరూపము వచ్చినప్పుడెల్ల కొత్త వాక్యములు చేరును, పాతపని తరుగును. హైదరాబాదు, బెంగుళూరు, అమెరికాలలో సాఫ్ట్‌వేరు వ్రాసి జీతము తెచ్చు బిడ్డలు లేని వీథి మన పట్టణములలో అరుదు. వారిలో నెందరు వారమునకొక గంట తమ భాషకిచ్చుచున్నారు?

పొరుగున కేరళమును చూడుడు. అచ్చటి పాఠశాలలకై 2001లో ఆరంభమై 2017లో 'కైట్' సంస్థగ మారిన ప్రణాళిక, బోధనకు స్వేచ్ఛా సాఫ్ట్‌వేరునే పట్టినది. 2002 నుండి స్వతంత్ర మలయాళ కంప్యూటింగను స్వచ్ఛంద బృందము ఆ లిపికి పరిచర్య చేయుచున్నది. 2023 సెప్టెంబరులో డెబియన్‌వారి లోకసమావేశము కొచ్చినగరముననే జరిగెను. మలయాళము మాటలాడువారు తెలుగువారికంటె తక్కువ. పనిచేయువారి ఉత్సాహము తక్కువ కాదు.

ఏమి చేయవలెనందురా? ప్రోగ్రాములు వ్రాయగలవారు ఒక్కొక్క తెలుగు మూటకు సంరక్షకునికి తోడుగ నిలువవలెను. వ్రాయలేనివారు వాడిచూచి, చెదరిన అక్షరమును, అర్థముకాని వాక్యమును గుర్తించి తెలుపవలెను. ఇంటనుండియే చేయదగిన పని యిది. భాష తెలిసినవారు అనువదింపవలెను. ఇచ్చట మావంటి సంస్కృత పాఠకులకొక హెచ్చరిక: ఫైలును 'దస్త్రము', ఫోల్డరును 'సంచయము' అని తీర్చి, పాస్‌వర్డునకు 'సంకేతపద'మని పేరుపెట్టి మురిసిపోవుట సులభము. దస్త్రము కచేరీలలో నలిగిన మాట, నిలువవచ్చును. సంచయము చూచి తీరగ్రామపు బాలిక తికమకపడినచో ఆ యనువాదము ఆమెకు ఇంగ్లీషువలెనే పరభాష. వాడుకలోని మాటను మేము వెలివేయరాదు. ఆమెను కూర్చుండబెట్టి చదివించి, పిదప నిర్ణయింపవలెను. ముద్రణాలయములవారు యూనికోడుకు పొందని పాత ఖతులను విడువవలెను. వానిలో కూర్చిన పుస్తకము ఆ ఖతిలేని కంప్యూటరున చిలుకపలుకులుగనైన గాక పిచ్చిగీతలుగ మారుచున్నది. ఉపాధ్యాయులు దొంగనకళ్లు పిల్లలచేత వాడింపరాదు. నీతిపాఠము చెప్పు నోటితో దొంగసొత్తును చేతికిచ్చుట మాకు తగదు. ధర్మముగ లభించునది యెదుట నుండగా ఆ సాకునకు తావులేదు.

పెన్నకు దిగువన చెరువుల నాశ్రయించి బ్రదికిన సీమ మాది. తటాకమును సప్తసంతానములలో నొకటిగ నెంచినవారు మన పూర్వులు. వారు త్రవ్వించుటతో తృప్తిపడలేదు. మరమ్మతులకై దశబంధపు మాన్యములను గూడ ఏర్పరచిరి. త్రవ్వించినవాని పేరు శాసనమున నిలుచును. ఏటేట పూడికతీసి తూము సరిచూచినవాని పేరు నిలువదు. పైరు పండునది మాత్రము ఈ రెండవవానివలననే. చదువరులారా! స్వేచ్ఛా సాఫ్ట్‌వేరను చెరువును పరులు త్రవ్వి మనకును వాటా యిచ్చిరి. తెలుగు కాలువకు మాత్రము పూడిక మనమే తీయవలెను. మనకు బదులు తీయువారు లేరు. వచ్చు ఆగస్టు 29వ తేదిలోపల మీ యింట నొక్కరైనను ఈ పనికి పూనుకొందురుగాక. అప్పుడు వేయు దండకు అర్థముండును.