ఇందూరు పూదోటలు

మనుజుని కీర్తిని నిలుపు సప్తసంతానములలో మన పూర్వులు తటాకము, నిధి, అగ్రహారము, దేవాలయము, ప్రబంధము, పుత్రుడు అను వానితో పాటు వనమును గూడ చేర్చిరి. ఇది ఊరక చెప్పిన మాట కాదు. మామిడి నాటిన వృద్ధుడు దాని ఫలమును తాను తినుదునని నాటడు. రావి నాటినవాడు దాని నీడను తాను కూర్చుండుదునని నాటడు. పరులకొరకు చేయు పనులలో ఇంత నిశ్శబ్దముగా జరుగునది మఱొకటి లేదు. ఈ వనధర్మము నేడు వ్యక్తుల చేతులనుండి పురపాలక సంఘముల చేతులకును ప్రభుత్వ శాఖల చేతులకును వచ్చినది. వచ్చిన పిదప అది యెట్లు నడుచుచున్నదో విచారించుట పౌరుల విధి.

పెద్దలు నేటికిని ఇందూరనియే పిలుచు నిజామాబాదు ఈ విషయమున నిరుపేద కాదు. పట్టణ మధ్యమున లోకమాన్యుని పేర వెలసిన తిలక్ గార్డెను కలదు. 2001లో స్థాపింపబడిన పురావస్తు ప్రదర్శనశాల అందే యున్నది. సాయంకాలము వ్యాహ్యాళికి పోయినవాడు పూర్వుల శిల్పములను గూడ చూచి రావచ్చును. బాసర పోవు దారిలో జానకంపేట చెంత అశోక్ సాగరు కలదు. చెరువు నడుమ సరస్వతీ విగ్రహము, గట్టున తోట, వింతయైన బండరాళ్లు, పడవ షికారు అచ్చటి వేడుకలు. 1931 నాటి అలీసాగరు జలాశయము పట్టణమునకు పది పండ్రెండు కిలోమీటర్ల దూరమున నున్నది. అచ్చటి ఉద్యానము, జింకల వనము, గుట్టమీది అతిథిగృహము చూడదగినవి. ఇంటికి వచ్చిన బంధువులను బాసర సరస్వతీ దర్శనమునకు తీసికొనిపోవుట మనకు వాడుక. తిరుగు ప్రయాణమున ఒక పూట ఈ తోటలకు గూడ కేటాయించినచో యాత్ర సంపూర్ణమగును.

ఈ తోటల చరిత్ర మన నీటి చరిత్రతో ముడివడియున్నది. మంజీరా నదిపై 1923లో ఆరంభమై 1931లో ముగిసిన నిజాంసాగరు నిర్మాణము ఈ సీమ రూపమునే మార్చివేసినది. ఇంజనీరు అలీ నవాజ్ జంగు పర్యవేక్షణమున సాగిన ఆ కాలువలు ఎండిన చేలకు నీరు తెచ్చినవి. నీరు చెరకును తెచ్చినది. చెరకు 1937లో బోధనునకు చక్కెర కర్మాగారమును తెచ్చినది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దవానిలో నొకటియని పేరొందిన ఆ కర్మాగారములో అధిక భాగము 2002లో ప్రైవేటు చేతులకు పోయి, 2015లో అది మూతపడినది. శక్కర్‌నగరు పేరు నిలిచినది గాని పొగగొట్టము చల్లారినది. ప్రజల సొత్తును కట్టుట ఒక యెత్తు, కాపాడుట వేయి యెత్తులని బోధను మనకు నేర్పిన పాఠము. కర్మాగారమునకు చెల్లిన ఈ పాఠము తోటకును చెల్లును.

తోటను కాపాడుటకు డబ్బు మాత్రమే చాలదు. అది తమదియను భావము జనులకు కలుగవలెను. బెంగుళూరు ఈ సంగతిని చక్కగా గ్రహించినది. హైదరాలీ 1760లో ఆరంభించిన లాల్‌బాగును నేడు దేశమంతయు ఎరుగుటకు దాని వృక్షసంపదతో పాటు అచ్చటి పుష్పప్రదర్శనములును కారణము. 1912లో నెలకొన్న మైసూరు ఉద్యాన సంఘము నాటినుండి అవి ఆ పట్టణపు ఆచారములైనవి. జనవరిలో గణతంత్ర దినమునకు, ఆగస్టులో స్వాతంత్ర్య దినమునకు ఏటేట రెండు మారులు గాజుటింట పూలు కొలువుదీరును. ఇండ్ల తోటలకును సంస్థల తోటలకును పోటీలు పెట్టి బహుమతు లిచ్చుటయు నచ్చట కలదు. తన పెరటి గులాబీకి బహుమతి పొందిన గృహిణి సర్కారీ తోటలో పూవు త్రెంపు పిల్లవానిని తానే మందలించును; కావలివాని కఱ్ఱకంటె ఆమె మాటకు విలువ యెక్కువ. మన హైదరాబాదునందును 1846 నాటి బాగె ఆమ్ కలదు. ఉద్యాన ప్రదర్శనములు, నర్సరీ మేళాలు ఆ నగరమునకు క్రొత్తవి కావు. కాని జిల్లా పట్టణముల మాట యేమి? ఇందూరు పేరు చెప్పగనే తలపునకు వచ్చు పుష్పప్రదర్శన మేది?

మనకు పూల పండుగయే లేదా యని యెవరైన అడిగినచో నవ్వు వచ్చును. పూలనే దేవతగా పేర్చి కొలుచు జాతి మనది. ఎంగిలిపూల నాటినుండి సద్దుల నాటివఱకు తొమ్మిది దినములు తంగేడు, గునుగు, కట్ల, బంతి, చామంతి, గుమ్మడి పూలు తాంబాళములలో గోపురములై లేచును. పైన నిలుపు గౌరమ్మ పసుపు ముద్దయే. ఆ పసుపు మన ఆర్మూరు, బాల్కొండ సీమల పంట. ఇంతకంటె గొప్ప పుష్పప్రదర్శన మే దేశమున కలదు? కాని యీ పండుగకు పునాదియైన పూవు చేజారుచున్నది. గునుగు ఎవరును నాటని మొక్క. జొన్నచేలలో, మెట్టచేలలో కలుపుగా పుట్టి, ఆశ్వయుజమునకు తెల్లని కంకులెత్తి, ఆడపడుచుల చేతులలో రంగులద్దుకొనునది. జొన్న తగ్గి, కలుపుమందు పెరిగిన కొలది గునుగునకు చోటు తగ్గినది. తంగేడు 2014లో రాష్ట్రపుష్పమను గౌరవము పొందినది. అది పెరుగు బంజరులు మాత్రము ప్లాట్లుగా మారుచున్నవి. ఒకప్పుడు పిల్లలు ఒడినిండ కోసికొని వచ్చిన పూవును నేడు అంగడిలో కట్టకింతయని కొనుచున్నాము. రాష్ట్రపుష్పమునకు రాష్ట్రమున నిలువ నీడ లేకుండుట మనకు తలవంపు కాదా?

పొట్ట గడుచుటే కష్టమైన దినములలో పూల ముచ్చటలేల యని కొందఱనవచ్చును. ఈ యాక్షేపణను మేము తేలికగా త్రోసివేయము. కాని విచారింపుడు. భూవసతి గల వానికి మామిడితోట కలదు. మేడ గల వానికి పెరడైన, కుండీల వరుసయైన కలదు. ఒంటిగది యింటిలో నలుగురైదుగురు కాపురముండు బీడీ కార్మికురాలికి, హమాలీకి, వారి పిల్లలకు తోటయన్నచో తిలక్ గార్డెనే. వేఱొక తోట లేదు. కావున బహిరంగోద్యానము ధనికుల విలాసము కాదు, పేదల పెరడు. దాని నుపేక్షించుట పేదవాని పెరటిని ఆక్రమించుటతో సమానము.

ధనము లేదనుటకును నేడు వీలు లేదు. 2019 నాటి తెలంగాణ పురపాలక చట్టము పట్టణ ఆదాయవ్యయ పట్టికలో పదవ వంతును హరితకార్యములకు ప్రత్యేకింపవలెనని విధించినది. 2015లో ఆరంభమైన హరితహారము మొక్క నాటుటను ఇంటింటి మాట చేసినది. కాని నాటిననాడు ఛాయాచిత్రములు తీయించుకొన్నవారు మూడవ వేసవిలో నీరు పోయుటకు కానరారు. ఫౌంటెనులు, రంగుదీపములు, సిమెంటు ఏనుగులు ఒక్క దినమున ప్రారంభోత్సవము పొందును. పాదు చేసి, గొప్పు త్రవ్వి, ఎండుకొమ్మ కత్తిరించు మాలి పనికి ప్రారంభోత్సవము లేదు. అందుచేతనే ఆ పనికి పైకము దొరకదు. తోట ప్రాణము మాలి చేతిలో నున్నది. అతనికి నెలనెల జీతము, పనిలో శిక్షణము, నీటి వసతి కల్పింపక వేయి కట్టడములు కట్టినను అది తోట కాదు, ఆవరణము మాత్రమే.

మా సూచనలు కొలదిగ నున్నవి. బతుకమ్మకు ముందు వారము తిలక్ గార్డెనులో జిల్లా పుష్పప్రదర్శనము జరుపవలెను. అందు గులాబీలకు, క్రోటనులకు బహుమతు లిచ్చినట్లే గునుగునకును, తంగేడునకును, బడిపిల్లలు పెంచిన బంతికిని ఈయవలెను. మొదటి బహుమతి మాలికే దక్కవలెను. పసుపు తీయు మాసములలో రెండవ ప్రదర్శనము పెట్టి, పూలతో పాటు పసుపు కొమ్ములు, చెరకు, కూరగాయలు, పండ్లు చూపవలెను. కమ్మర్‌పల్లి పసుపు పరిశోధన కేంద్రపు శాస్త్రజ్ఞులును, రుద్రూరు చెరకు, వరి పరిశోధకులును అచ్చట కూర్చుండి రైతుల సందేహములు తీర్చినచో వేడుకయే విద్యయగును. 2025లో జాతీయ పసుపు బోర్డునకు ఇందూరు కేంద్రమైనది. ఇట్టి యుత్సవమునకు చేయూత నిచ్చుట దానికిని శోభయే. అలీసాగరు, అశోక్ సాగరు గట్లపై కొంత నేలను చదును చేయక, మందు చల్లక, గునుగు తంగేళ్లకే విడిచిపెట్టవలెను. ఇందులకు పెద్ద పైకము పనిలేదు. ఊరకుండుట తెలిసిన చాలును.

భూస్వాములకు మా విన్నపము వేరుగ నొకటి కలదు. మీ పొలము గట్లపై మూడు మూరల నేల గునుగునకు విడిచిన పంటకు లోటు రాదు. ఆశ్వయుజమున మీ యూరి ఆడపడుచులు ఆ గట్టు వెదకికొని వత్తురు. వారు ఒడినిండ పూలు కోసికొని పోవునపుడు మీ పేర శిలాఫలకము వేయింపరు. కాని సప్తసంతానములలో నొకదానిని మీరు నిలిపినవా రగుదురు.