ఆట పేరు చూసి లైనక్స్‌కు మారండి

బేగంపేట నుంచి అమీర్‌పేట మైత్రీవనం దాకా కోచింగ్ సెంటర్ల బోర్డుల మీద లైనక్స్, డెవాప్స్ పేర్లకు కొదవ లేదు. ఉద్యోగం కోసం నేర్చుకునే ఆ లైనక్స్‌లోనే ఆటలూ ఆడుకోవచ్చంటే మాత్రం చాలామంది నమ్మరు. ఒకప్పుడైతే నమ్మకపోవడమే సబబు. ఇప్పుడు ఆ అపనమ్మకం జేబుకు చిల్లు పెడుతోంది. 2025 అక్టోబర్ 14తో మైక్రోసాఫ్ట్ విండోస్ 10కు మద్దతు ఆపేసింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం నుంచి మొదలయ్యే ప్రాసెసర్ ఉండాలి. ఏడో తరం ఐ5కు ఓ మోస్తరు గ్రాఫిక్స్ కార్డు తగిలించుకున్న పీసీ, ఏ భాగమూ చెడకుండానే పాతబడిపోయింది. దాన్ని సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో వచ్చినకాడికి అమ్మేసి కొత్తదానికి ఈఎంఐ కట్టడం తొందరపాటు.

విండోస్ ప్రోగ్రాములను లైనక్స్ మీద నడిపించే వైన్ ప్రాజెక్టు 1993 నాటిది. ఆటలమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌ను నడిపే వాల్వ్ కంపెనీ 2018లో దాని ఆధారంగా ప్రోటాన్ తెచ్చింది. ఆట విండోస్ గ్రాఫిక్స్ భాష డైరెక్ట్‌ఎక్స్‌లో అడిగేదాన్ని ప్రోటాన్ లైనక్స్‌లోనూ నడిచే వల్కన్‌లోకి మార్చి గ్రాఫిక్స్ కార్డుకు అందిస్తుంది. చాలా ఆటలకు మనం ఇన్‌స్టాల్ నొక్కితే చాలు. ఇదేమీ వాల్వ్ చేసే ధర్మకార్యం కాదు. 2022లో వాల్వ్ అమ్మకానికి పెట్టిన, చేతిలో పట్టుకుని ఆడే స్టీమ్ డెక్ నడిచేది లైనక్స్ మీదే. ఆటలు నడవకపోతే ఆ పరికరాన్ని కొనేవారే ఉండరు. నా దృష్టిలో నమ్మదగ్గది ఆ స్వార్థమే. ఎల్డెన్ రింగ్, సైబర్‌పంక్ 2077 వంటి భారీ ఆటలు అందులో నడుస్తున్నాయి. 2025 అక్టోబర్ స్టీమ్ సర్వేలో లైనక్స్ వాటా తొలిసారి 3 శాతం దాటింది. చిన్న అంకే, కానీ పెరుగుతున్న అంకె.

అసలు చిక్కు వలోరెంట్, ఫోర్ట్‌నైట్ లాంటి ఆటలతో. వలోరెంట్‌లో దొంగాట పట్టే వాన్‌గార్డ్ ప్రోగ్రాము విండోస్ గుండె లాంటి కెర్నెల్‌లోనే కూర్చుంటుంది. లైనక్స్‌లో దానికి చోటు లేదు. అలాంటివే అయిన ఈజీ యాంటీ చీట్, బ్యాటిల్‌ఐ మాత్రం 2021 నుంచే ప్రోటాన్‌కు దారి తెరిచాయి. ఆ దారిని వాడుకోవడం, మానడం ఆట కంపెనీ ఇష్టం. ఎపెక్స్ లెజెండ్స్ కొన్నాళ్లు అనుమతించి, మోసగాళ్ల బెడద పేరుతో 2024లో లైనక్స్‌కు తలుపులు మూసేసింది. కెర్నెల్‌నే మార్చుకోగల వ్యవస్థలో నిఘా కష్టమన్న వాళ్ల మాట కొట్టిపారేయదగ్గది కాదు. అయితే విండోస్‌లోనూ మోసం ఆగలేదు కదా! తప్పెవరిదైనా ఫలితం ఒకటే: సాయంత్రమైతే స్నేహితులతో వలోరెంటే ఆడేవారు విండోస్‌ను వదలకూడదు. ఎన్‌విడియా కార్డుల వారు డ్రైవర్ల విషయంలో కాస్త ఓపిక పట్టాలి; ఏఎండీ వారికి ఆ బాధ తక్కువ.

మన దగ్గర వినిపించే మరో మాట ఉంది: లైనక్స్ ఉచితమైతే ఏం, క్రాక్ చేసిన విండోస్ కూడా ఉచితమేగా అని. ఊరూపేరూ లేని యాక్టివేటర్‌కు అడ్మిన్ అధికారమిచ్చి, అదే పీసీలో నెట్ బ్యాంకింగ్ తెరవడం ఉచితమెలా అవుతుంది?

ఏ ఆట లైనక్స్‌లో ఎలా నడుస్తుందో చెప్పే ప్రోటాన్‌డీబీ సైట్‌లో మీరు ఆడే ఆటల పేర్లు వెతకండి. ఎక్కువ భాగం నడిచేవే అయితే పెన్‌డ్రైవ్‌లో లైనక్స్ మింట్ వేసి బూట్ చేయండి. హార్డ్‌డిస్క్‌ను ముట్టుకోకుండానే వైఫై, సౌండ్, డిస్‌ప్లే పనిచేస్తున్నాయో లేదో అక్కడే తేలిపోతుంది.