ఇంకో రెండు కిలోమీటర్లే!

ఒక్క మార్కుతో ఉద్యోగం చేజారిందా? అయితే స్కాట్లాండ్ మారథాన్ రన్నర్ కాలమ్ హాకిన్స్ గురించి వినండి.

2018 ఏప్రిల్, గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ గేమ్స్. నలభయ్యో కిలోమీటర్ దగ్గర అతనే ముందున్నాడు, దాదాపు రెండు నిమిషాల ఆధిక్యంతో. ఎండదెబ్బకి తూలాడు, పడ్డాడు. లేచి పరిగెత్తాడు, మళ్లీ పడ్డాడు. ఇంకో రెండు కిలోమీటర్లు పరిగెడితే స్వర్ణమే! ఫలితాల పట్టికలో అతని పేరు పక్కన టైమే లేదు.

మనమైతే 'బ్యాడ్ లక్' అనుకుని వదిలేస్తాం. అతను మాత్రం మా ఐటీ వాళ్లు బగ్ వెతికినట్టు వెతికాడు. దొరికింది: వేడి. 2019 ఏప్రిల్‌లో లండన్‌లో 2:08:14తో స్కాటిష్ రికార్డు కొట్టాడు. కానీ ఆ ఏడాది ప్రపంచ చాంపియన్‌షిప్ దోహాలో. అక్కడి ఎండకి జడిసి మారథాన్‌నే అర్ధరాత్రికి మార్చారు! దానికోసం హాకిన్స్ షెడ్డులో హీటర్లు పెట్టుకుని ట్రెడ్‌మిల్ మీద సాధన చేశాడు. చలి దేశంలో ఉంటూ కావాలని ఉడికిపోవడమన్నమాట.

దోహాలో చివర్లో వెనకనుంచి వచ్చి ముందున్నవాళ్లని అందుకున్నాడు. వచ్చింది నాలుగో స్థానం. కాంస్యానికి 6 సెకన్లు తక్కువ. 2017లోనూ నాలుగే. 'అంత చేసినా పతకం రాలేదుగా' అంటారేమో. నిజమే, రాలేదు. ఈసారి మాత్రం ఆఖరి రెండు కిలోమీటర్లూ పరిగెత్తాడు.